రామంతాపూర్‌లో లేని మనిషి

మా ఊళ్లో లచ్చవ్వ మిరపకాయలు వేయిస్తే, రామంతాపూర్‌లో కూర్చుని టీవీలో వార్తలు చదివే ఆయన తుమ్మేవాడు. నమ్మకపోతే మానండి. ఊరంతటికీ కలిపి పంచాయతీ ఆఫీసులో ఒకటే టీవీ ఉన్న రోజులవి. సాయంత్రం వార్తల వేళకి లచ్చవ్వ స్నానం చేసి, తలలో చేమంతి పెట్టుకుని, అందరికన్నా ముందొచ్చి టీవీ ఎదురుగా కూర్చునేది. మొగుడు పోయి అప్పటికే చాలా కాలం. వార్తలాయన "నమస్కారం" అంటే ఈమె కొంగు సర్దుకుని "నమస్కారం" అనేది. ఆయన కాగితం మీంచి కళ్లెత్తితే ఈమె తల దించుకునేది. ఒకనాడు దించలేదు. అంతే, ఆయనకి వరుస తప్పింది. ప్రధానమంత్రి కాకినాడ దగ్గర తీరం దాటాడనీ, తుఫాను ఢిల్లీలో ప్రమాణస్వీకారం చేసిందనీ చదివేశాడు.

ఇలా కాదని ఒక ఉదయం లచ్చవ్వ సద్దిమూట కట్టుకుని, ఆయన్ని కళ్లారా చూడ్డానికి హైదరాబాద్‌కు నడిచి బయల్దేరింది. ఎంత నడిచిందంటే, బయల్దేరిన నాడు పొలంలో వేసిన నాటు, ఆమె రామంతాపూర్ టీవీ కేంద్రం గేటు దగ్గరికి చేరేసరికి అన్నమై విస్తట్లోకి వచ్చింది.

ఈ కథ నేను చెప్పని చోటు లేదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో మాలీగా చెట్లకు నీళ్లు పట్టినన్నాళ్లూ తోటి మాలీలకు చెప్పాను. తార్నాకలో మా వీధి వాళ్లకు చెప్పాను. నా తమ్ముడి కూతురు అమలకి చెప్పాను, అమల కూతురు జెమీమాకి చెప్పాను. ఆడంగులకి కన్ను కొట్టే వయసు పోయింది గానీ, కథ బాగా బిగిసిన చోట పిల్లలకి కన్ను కొట్టడం నాకు అలవాటు. అది చూసి జెమీమా పకపకా నవ్వేది. అమల మాత్రం చిన్నప్పుడు కూడా నవ్వేది కాదు.

"తర్వాత లచ్చవ్వ ఏమైంది పెద్దబాపు?" అనేది.

"తర్వాత ఏముంటది బిడ్డా, వార్తలు సమాప్తం" అనేవాణ్ని.

తమ్ముడూ మరదలూ తొందరగా పోయారు. అమలని నేనే పెంచాను. పెళ్లయి, బిడ్డ పుట్టాక కూడా చదువు మానకుండా యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరింది. ఈ కాలపు నవలల్లో ఆడవాళ్లు తమ కోరికల గురించి ఏం రాస్తున్నారు, తామెవరని చెప్పుకుంటున్నారు, అదీ ఆమె పరిశోధన. నాది ఊరి బడి చదువు. "ఏముంటది బిడ్డా గా నవలలల్ల?" అని ఉడికిస్తే, "నువ్వు చెప్పకుండ ఇడిసిపెట్టినయన్ని ఉంటయి" అనేది.

నేను చెప్పకుండా విడిచిపెట్టింది ఒకటి ఉంది. లచ్చవ్వని ఆమె అన్నలు రామంతాపూర్ నుంచి ట్రాక్టర్‌లో వేసి తెచ్చి ఇంటి ముందు దించారు. అప్పటికి తల మీద జుట్టు లేదు. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది గానీ పంచాయతీ ఆఫీసు వైపు రాలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఇది పెడితే ఎవరూ నవ్వరు కదా, అందుకని పెట్టేవాణ్ని కాదు. అమల పెద్దయ్యాక ఒకసారి పట్టుబట్టి అడిగితే చెప్పాను. ఆ తర్వాతే తన నవల మొదలుపెట్టింది.

నవల పేరు 'ఏడింటి వార్తలు'. తార్నాకలో ఉండే ఒక ఇల్లాలు, ఒక బిడ్డ తల్లి, తన కథ తనే చెప్పుకుంటుంది. ఆమె రామంతాపూర్ టీవీ కేంద్రంలో మైకులు సర్దే ఒక మనిషిని ఇష్టపడుతుంది. అతను పని అయ్యాక మైకు వైరుని మోచేతికీ అరచేతికీ మధ్య మెల్లిగా, ఒక్క మెలిక కూడా పడకుండా చుడుతూ ఉంటే ఆమె చూస్తుంది. ఆ వైరు చుట్టడం మీదే కొన్ని పేజీలున్నాయి. అవి చదివి నేను కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. పెంచిన బిడ్డ రాసింది చదవాల్సిన పేజీలు కావవి. కానీ మనిషిని మాత్రం గుర్తుపట్టాను. మా లచ్చవ్వే, చీర మార్చుకుని మెట్రో ఎక్కింది. నా కథలో గేటు దగ్గర ఆగిపోయేది, అమల పుస్తకంలో గేటు దాటి లోపలికి వెళ్తుంది. ఎవరూ ఆమెని వెనక్కి తేలేరు.

పుస్తకం మీద క్యాంపస్‌లో చర్చ పెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని జెమీమాని పక్కన కూర్చోబెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాను. అమలకి గైడుగా ఉన్న సుజాత మేడం మాట్లాడారు. మంచి మనిషే. నేను మాలీగా ఉన్నప్పుడు రోజూ పలకరించేది. కానీ ఆరోజు "దేహం, దేహం" అని ఎన్నిసార్లు అందంటే, ముందు వరసలో పెద్దాయనొకరు తన దేహాన్ని కుర్చీలో నాలుగువైపులా సర్దుకున్నాడు. చివరికి మేడం, "తన సొంత జీవితాన్ని ఇంత నిర్భయంగా బయటపెట్టిన రచయిత్రి మన మధ్య ఉండటం గర్వకారణం" అంది.

అమల మైకు తీసుకుంది. "మేడం, ఇది కల్పన. అట్లాంటి మనిషి ఎవరూ లేరు."

మేడం నవ్వింది. "ఇక్కడ దాచుకోవాల్సిన పని లేదమ్మా. ఇది సిగ్గుపడే చోటు కాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. జెమీమా నా చెవి దగ్గరికి వచ్చి, "తాతా, గిది నువ్వు చెప్పే లచ్చవ్వ కథనే గద?" అంది.

"ఔ బిడ్డా. ఎవ్వలకు చెప్పకు. చెప్తె నాకు గూడ శాలువ కప్పుతరు" అని కన్ను కొట్టాను.

మర్నాడు ఒక పేపర్ వాళ్లు అమల ఫొటో వేసి, కింద "నా కథే రాశాను: తార్నాక గృహిణి" అని పెట్టారు. ఆ మాట ఆమె అననే లేదు. ఆ ముక్కని ఎవరో ఫోన్లో ఫొటో తీసి మా మందిరం వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఒకరి పుట్టినరోజుకీ ఇంకొకరి మోకాలి ఆపరేషన్ ప్రార్థనకీ మధ్య.

మా మందిరం గురించి చెప్పాలి. తార్నాకలో టైర్ల దుకాణం పైన పెద్ద హాలే మా చర్చి. ఆదివారం పాటలయ్యాక, పాస్టరు గారి వాక్యానికి ముందు, సాక్ష్యాలు ఉంటాయి. ఎవరైనా లేచి నిలబడి తన బతుకులో జరిగింది చెప్పాలి. నేను తాగేవాణ్ని, పెళ్లాన్ని కొట్టేవాణ్ని, రైలు పట్టాల మీదికి పోయాను, దేవుడు పట్టుకుని లాగాడు. ముందు పాపం, తర్వాత ఏడుపు, ఆ తర్వాత రక్షణ. ఆ వరుస మారదు. లేనిది కల్పించి చెప్పడం అక్కడ మహాపాపం. మా వాళ్లలో చాలామంది బైబిలూ, పాటల పుస్తకమూ, అచ్చువేసిన సాక్ష్యాలూ తప్ప ఇంకేదీ చదవలేదు. కాబట్టి అమల పుస్తకాన్ని వాళ్లకి తెలిసిన పద్ధతిలోనే చదివారు. అది ఒక ఆడమనిషి సాక్ష్యం. కాకపోతే సగంలో ఆగిపోయింది. పాపం దగ్గరే ఉండిపోయింది.

అమల అత్తగారు సోమమ్మ అయితే కళ్లజోడు పెట్టుకుని, వరస కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. తర్వాత నన్ను పిలిపించింది.

"కూసో అన్నా. నేను మొత్తం సదివిన. ఆఖరికన్న దేవుడస్తడేమో అని సూసిన. రాలె."

"దేవుడు టీవీ స్టేషన్ల ఏం జేస్తడు చెల్లే? గది కథ. నేను జెప్పిన లచ్చవ్వ కథ."

"లచ్చవ్వ తార్నాకల ఉన్నదా? లచ్చవ్వకు ఆడపిల్ల ఉన్నదా? మా బాల్కనీల నీలం బకెటు ఉన్నది, సూడు. పుస్తకంల గూడ ఉన్నది. బకెటు నిజమై మనిషి అబద్ధమెట్లయితడు?"

ఎన్నో కథలు అల్లినవాణ్ని, ఒక్క బకెటు నన్ను ఓడించింది.

అమల మొగుడు ప్రేమ్ కుమార్ గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాడు. కరెంటు ఆఫీసులో పని చేస్తాడు, మందిరంలో లెక్కలూ కుర్చీలూ చూసుకుంటాడు. గొంతు పెంచే మనిషి కాదు.

"మామయ్యా, నేను కొట్టలె, తిట్టలె. పేరడిగిన. పేరు చెప్పమను, చాలు."

"లేనోనికి పేరెట్ల చెప్తది అల్లుడా?"

"లేనోని చేతుల గురించి గన్ని పేజీలు రాస్తరా?" అని తన చేతుల వంక చూసుకున్నాడు. "నా చేతుల గురించి ఒక్క ముక్క లేదు మామయ్యా."

ఆ సాయంత్రమే అమల ఒక సంచీతో నా గదికి వచ్చింది. అత్తింటివాళ్లు పొమ్మన్నారు, జెమీమాని వెంట రానివ్వలేదు. స్కూలు వదిలే వేళకి అమల రోడ్డుకి అవతల నిలబడేది. సోమమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించేది. మొదట్లో జెమీమా వెనక్కి తిరిగి చెయ్యి ఊపేది. తర్వాత ఎవరో వద్దన్నట్టున్నారు, ఊపడం మానేసి, ఆటో కదిలేదాకా తలొంచుకుని కూర్చునేది. అమల అన్నం తినడం మానేసింది. పరిశోధన కాగితాలు సంచీలోంచి తీయనే లేదు. "జెమ్మిని తెచ్చుకోవాలె పెద్దబాపు" అన్నది తప్ప ఇంకో మాట లేదు.

నేను పాస్టరు శామ్యూల్ గారి దగ్గరికి వెళ్లాను. వారం మధ్యలో మందిరం ఖాళీగా ఉంది. కింద టైర్లు విప్పుతున్న చప్పుడు.

"ఇన్నయ్య గారూ, నేను కాపురాలు కూల్చేటోణ్ని కాదు" అన్నాడు. "ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పి క్షమాపణ అడిగితే, ఇంటికి తోల్కపోతనని ప్రేమ్ కుమార్ నాకు మాటిచ్చిండు. బిడ్డ ఉంటది, ఇల్లుంటది."

"ఏం జరగలేదని బైబిలు మీద చెయ్యేసి చెప్తది అయ్యగారూ."

"జరగలేదంటే దేన్ని క్షమించాలె?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే ఆలోచిస్తున్నాడు. "పాపం లేకుంటే క్షమాపణ లేదు. క్షమాపణ లేకుంటే ఆమెను మళ్ల ఎట్ల కలుపుకోవాలె? మీరే చెప్పుండ్రి."

"గట్లయితే నేను లేస్త. గది నా కథ అని నేనే చెప్త."

ఆయన నవ్వు ఆపుకున్నాడు. "మీరు లేస్తే పిల్లలంత ముందుకొచ్చి కూసుంటరు."

పోయిన క్రిస్మస్‌కి ఆ హాల్లోనే చెప్పాను మరి, మా నాయన గొంతు ఎంత పెద్దదంటే ఆయన ఆదివారం మా ఊళ్లో ప్రార్థన చేస్తే పక్క ఊరివాళ్లు సోమవారం ఆమెన్ అనేవారని. అయినా ఆ ఆదివారం లేచాను. "మా ఊళ్లె లచ్చవ్వ అని" అన్నానో లేదో హాలంతా నవ్వు. "తుమ్ముడు చెప్పు తాతా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. గొంతు చించుకున్నాను. "ఇయ్యాల నవ్వకుండ్రి. ఇది నిజం" అన్నాను. ఇంకా నవ్వారు. నేను ఎప్పుడూ అలాగే కదా మొదలుపెట్టేది.

ఆ నవ్వులో ఒక సన్నటి గొంతు లేచింది. జెమీమా. "తాత చెప్పేది నిజమే. అది లచ్చవ్వ కథ. మమ్మీ ఏం చెయ్యలె." సోమమ్మ దాన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. చిన్నపిల్ల, తల్లి మీద ప్రేమ, పాపం, అన్నారు పక్కవాళ్లు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం నేనూ అమలా క్యాంపస్‌లో, ఒకప్పుడు నేను పాతిన గానుగ చెట్టు కింద కూర్చున్నాం. ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలు చెట్టుకొకరు చేరి గొణుక్కుంటున్నారు. అమల కాసేపు వాళ్లని చూసింది.

"పెద్దబాపు, నాకొక మనిషి కావాలె."

"ఏం మనిషి?"

"ఇన్ని రోజులు లేడు లేడు అని మొత్తుకున్న. ఎవ్వరు వినలె. ఇగ ఉన్నడని చెప్త. నువ్వు మస్తుమందిని పుట్టిచ్చినవ్ గద. నాకొకణ్ని పుట్టియ్యి."

అప్పుడు అర్థమైంది నాకు. కథని నిజమంటున్నారని ఇల్లు పోయిన పిల్ల, ఇప్పుడు ఒక కథ అల్లి నిజమని ప్రమాణం చెయ్యాలి.

"పుస్తకంల ఉన్నోడు పనికిరాడా?"

"వాడు మంచోడు. మంచోణ్ని చెప్తే పశ్చాత్తాపం ఏడికెళ్లి వస్తది? వాణ్ని చెడగొట్టాలె." ఆమె గడ్డిపోచ తెంపి వేలికి చుట్టుకుంది. "నన్ను మాయ చేసిండు అనాలె. బెదిరిచ్చిండు అనాలె. వాడు ఎవ్వలనన్న బెదిరిస్తడా పెద్దబాపు? మాట్లాడనికే భయపడ్తడు వాడు."

లేని మనిషికి అన్యాయం జరుగుతోందని ఆమెకి కన్నీళ్లొచ్చాయి. ఏం చెయ్యను, నాకు తెలిసిన పనిలోకి దిగాను.

"పేరు మాత్రం పెట్టకు బిడ్డా. పేరు పెడ్తే ఆ పేరోని తలకాయ పగులుతది. వాని పేరు గూడ మర్చిపోయే కృప దేవుడిచ్చిండు అను."

అమల ఫక్కున నవ్వింది. ఎన్ని రోజులకో. "మరి ఇప్పుడు ఏడున్నడంటే?"

"బదిలీ అయిండు."

"ఢిల్లీకా?"

"ఢిల్లీకి రైలున్నది. ప్రేమ్ ఎక్కుతడు. అండమాన్ పంపు."

"అండమాన్ల టీవీ చూస్తరా?"

"మనుషులు చూడకున్నా చేపలు చూస్తయి. ఇంకోటి విను. వానికొక లోపం పెట్టు. లోపం పెడ్తే జనం నమ్ముతరు. మెల్లకన్ను పెట్టు."

"వద్దు" అంది వెంటనే. "చూపు మంచిగనే ఉంటది వానికి."

నేను ఆమె మొహంలోకి చూడలేదు. తనే మళ్లీ అంది. "వైరు చుట్టుడు ఉండనీ. అది అందరు చదివిన్రు, తీసేస్తే అనుమానం వస్తది. మిగతదంత వాళ్లకిచ్చేస్త. ఆ చేతులొక్కటి ఉంచుకుంట."

"నీ ఇష్టం బిడ్డా."

"మనిషి లేడు పెద్దబాపు. గాని నాకు గట్ల కావాలని ఉండె. తొందర లేకుండ, మెలిక పడకుండ. గది లచ్చవ్వది గాదు, నీది గాదు. నాదే. వాళ్లు గా కోరిక అబద్ధమని చెప్పమన్నా చెప్పకపోదును గావొచ్చు."

పెంచిన తండ్రి వినాల్సిన మాట కాదు. గానుగ కొమ్మల్లోకి చూస్తూ అడిగాను, "మరి జెమ్మి? దానికి అంత తెలుసు గద?"

"చిన్నపిల్ల" అంది అమల. "మర్చిపోతది."

ఆదివారం వచ్చింది. అమల తెల్లచీర కట్టుకుని లేచింది. చెప్పడం మొదలుపెట్టింది. కథ చెప్పడం తెలిసినవాణ్ని కాబట్టి అంటున్నాను, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ గొంతు పడిపోవాలో అక్కడ పడిపోయింది. వైరు చుట్టే చేతుల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆమె మొహంలో వెలుగొచ్చింది. చూసినవాళ్లు పాపం జ్ఞాపకమొచ్చిందనుకున్నారు. తర్వాత మాయ, బెదిరింపు, ఒక ఉదయం బాల్కనీలో నీలం బకెటు పక్కన మోకాళ్ల మీద పడి ఏడవడం. బకెటు రాగానే సోమమ్మ ఘొల్లుమంది. హాలంతా స్తోత్రం, స్తోత్రం అని కదిలిపోయింది. శామ్యూల్ గారు కళ్లు తుడుచుకున్నాడు. ప్రేమ్ కుమార్ కుర్చీల వరస పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

జెమీమా తల్లిని చూడ్డం లేదు. నన్ను చూస్తోంది. కన్ను కొడతానేమోనని. నేను కింద గచ్చు వంక చూశాను.

అమల ఇంటికి వెళ్లింది. బిడ్డ పక్కన పడుకుంది. అక్కడితో అయిపోతే బాగుండేది.

అంత బాగా చెప్పిన సాక్ష్యాన్ని ఒక్క మందిరంలో ఉంచుతారా? హబ్సిగూడ వాళ్లు పిలిచారు. మల్కాజ్‌గిరి వాళ్లు పిలిచారు. క్షమించబడినవాళ్లు చెప్పనంటే బాగుండదు. సోమమ్మ కోడలికి కొత్తచీరలు కొని వెంటబెట్టుకుని తిప్పింది. చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఏదో అడిగేవారు, అమల ఏదో ఒకటి చెప్పాలి. ఒకచోట అతనికి మందు అలవాటైంది. ఇంకోచోట అంతకుముందు ఇంకో ఆడపిల్లని మోసం చేశాడు. మాట్లాడ్డానికే భయపడేవాడు రోజురోజుకీ రాక్షసుడయ్యాడు. చేతులు కూడా పోయాయి. వైరుతో గొంతు బిగించబోయాడని చెప్పించారు ఒకచోట.

సుజాత మేడం క్యాంపస్‌లో నాకు కనబడి, "అమల ఇలా లొంగిపోతుందనుకోలేదండీ" అంది. నిజమే పాపం, ఆమె పడ్డ బాధా నిజమే. "మీరే గద మేడం, దాచుకునే పని లేదన్నది. ఏం దాస్తలేదు ఇప్పుడు" అన్నాను. పీహెచ్‌డీ ఆగిపోయింది. ఇంట్లో పెన్ను పట్టుకుంటే ఎవరికి రాస్తున్నావని అడుగుతున్నారట.

ఒకనాడు బస్సులో రామంతాపూర్ మీదుగా పోతుంటే టీవీ కేంద్రం గేటుకి ఎదురుగా ఛాయ్ బండి దగ్గర ప్రేమ్ కుమార్ కనిపించాడు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గేట్లోంచి వచ్చే ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. మొహాలు కాదు, చేతులు. అండమాన్ కథ అతను నమ్మినట్టు లేదు. మా ఊరి లచ్చవ్వ ఒకప్పుడు కూర్చున్నదీ ఆ గేటు ముందే. బస్సు కదిలింది. దిగి పలకరించడానికి నాకు ధైర్యం చాలలేదు.

మల్కాజ్‌గిరిలో మీటింగు అయిన రోజు మధ్యాహ్నం, అందరూ ప్లేట్లలో అన్నం పెట్టుకుని షామియానా కింద తింటున్నారు. నేను మెట్ల మీద కూర్చున్నాను. జెమీమా వచ్చి నా పక్కన కూర్చుంది. పొడుగైంది. మాట తగ్గింది.

"తాతా, ఒకటి అడుగుత. కన్ను కొట్టొద్దు."

"అడుగు బిడ్డా."

"ఆయన లేడు గద?"

నేను షామియానా వైపు చూశాను.

"అది లచ్చవ్వ కథనే గద. మమ్మీ ఉత్తగనే చెప్తున్నది గద. డాడీ రోజు రామంతాపూర్ పోతుండు తాతా. పోయొచ్చి అన్నం తింటలేడు. నువ్వు లేడని చెప్తే నేను పోయి డాడీకి చెప్త. నానమ్మకు చెప్త. డాడీ పోకుంట ఉంటడు. మమ్మీ గిట్ల అందరి ముందర ఏడ్సుడు ఉండది."

అంతమందిలో, అప్పుడూ ఇప్పుడూ, ఆ ఒక్క పిల్లే నన్ను నమ్మింది. తల్లిని నమ్మింది. నేను లేడంటే అది అక్కణ్నుంచి పరుగెత్తుతుంది. ఇన్ని మందిరాల్లో, దేవుడి ముందు, అమల చెప్పిందంతా అబద్ధమని తేలుతుంది. మళ్లీ అదే సంచీ, రోడ్డుకి అవతల అదే నిలబడటం. ఈసారి ఏ సాక్ష్యం చెప్పినా బిడ్డ దక్కదు.

షామియానా కింద అమల ప్లేటు పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. బిడ్డ ఏం అడుగుతోందో ఆమెకి తెలుసు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఊరికే చూస్తోంది.

"ఉన్నడు బిడ్డా" అన్నాను.

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"ఎట్లుంటడు?"

"సన్నగ ఉంటడు. నేను పోయేసరికి వైరు చుట్టుకుంట ఉండె."

జెమీమా నా మొహానికి మొహం దగ్గరగా పెట్టి చూసింది, ముందు ఒక కంట్లోకి, తర్వాత రెండో కంట్లోకి. చాలాసేపు చూసింది. నేను రెప్ప వెయ్యలేదు.

లేచి గౌను వెనక దుమ్ము దులుపుకుని షామియానాలోకి వెళ్లింది. అమల తన ప్లేటులోంచి మెత్తటి ముక్క ఒకటి ఏరి, నోటికి అందించబోయింది. జెమీమా మొహం పక్కకి తిప్పుకుంది. కుర్చీ లాక్కుని వెళ్లి నానమ్మ పక్కన కూర్చుంది.